ఎడమ కాలికి పని లేకుండా పోయింది

ఎలక్ట్రిక్ కారు ఇంటికొచ్చిన మూడో రోజు. మలుపు దగ్గర వేగం తగ్గించబోతుంటే నా ఎడమ కాలు దానంతట అదే లేచి క్లచ్ తొక్కేసింది. ఆ కారుకి క్లచ్ లేదు. అక్కడున్నది వెడల్పాటి బ్రేక్ పెడల్. పాత కారు క్లచ్ తొక్కడానికి ఎంత బలం కావాలో అంత బలమూ ఆ బ్రేక్ మీద పడింది. కారు ఉన్నచోటే నిలబడిపోయింది, మా ఆవిడ ఒళ్ళోని బ్యాగు ఎగిరి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. వెనక ఏ బండీ లేదు కాబట్టి సరిపోయింది.

"కారు మార్చారు సరే, కాలు కూడా మార్పించుకోవాల్సింది" అంది.

పద్దెనిమిదేళ్ళు ఒకే కారు నడిపిన కాలు అది. ఆ కారు 1972లో తయారైంది. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, దానికి గాలినీ పెట్రోల్‌నూ కలిపి అందించే కార్బురేటర్లు రెండు. కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ దాని రోగాలు చాలా ఏకరువు పెట్టబోతున్నాను, వాటిలో ఎక్కువ వయసు వల్ల వచ్చినవే. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, బరువు 950 కిలోల దరిదాపు. స్పోర్ట్స్ కారు అన్నాం కదా అని ఏదో ఊహించుకోకండి. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి పన్నెండు, పదమూడు సెకన్లు పట్టేది. ఇవాళ్టి మామూలు కార్లు చాలా వరకు దాన్ని దాటేస్తాయి. అయితే అందులో కూర్చుంటే రోడ్డు జానెడు దూరంలో ఉన్నట్టుంటుంది. 60లో వెళ్తున్నా 120లో దూసుకుపోతున్నట్టే ఉండేది. అంత తక్కువ వేగంలో అంత సంతోషం ఇచ్చిన బండి నాకు మళ్ళీ దొరకలేదు.

పొద్దున్నే దాన్ని లేపడం ఒక తతంగం. తాళం సగం తిప్పాలి, వెనక పెట్రోల్ పంపు టిక్కుటిక్కుమని కొట్టుకోవడం ఆగేదాకా ఆగాలి, చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ పాలు పెంచే చోక్ లాగాలి, అప్పుడు స్టార్టర్ తిప్పాలి. చలి రోజైతే రెండు మూడుసార్లు. అందుకున్నాక చోక్ కొంచెం కొంచెంగా లోపలికి నెట్టుకుంటూ, ఆయిల్ ప్రెషర్ ముల్లు మీద ఒక కన్నేసి ఉంచాలి. ఇంజన్ ఏ మూడ్‌లో ఉందో శబ్దాన్ని బట్టి చెప్పేవాణ్ణి. మిస్సింగ్ కొడుతోందా, ట్యాపెట్లు మోగుతున్నాయా, రెండు కార్బురేటర్లలో ఒకటి ఎక్కువ పీలుస్తోందా, అన్నీ చెవికే తెలిసేవి. ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకులతో, ఇంజన్‌లో నిప్పురవ్వకి వేళ చెప్పే పాయింట్ల మధ్య 0.38 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టడం నేను ఎంతో గొప్పగా చెప్పుకునే విద్య. ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదు.

మరి ఎందుకు అమ్మావు అని అందరూ అడిగారు. ఒక్క కారణమైతే చెప్పడం తేలికగా ఉండేది.

మొదట భయపెట్టింది ఒక రబ్బరు గొట్టం. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు. పాత కార్ల పెట్రోల్ గొట్టాల్లో వాడిన రబ్బరు దానికి తట్టుకోదు. మెత్తబడుతుంది, పగుళ్ళు వస్తాయి. ఒకరోజు ఇంటికొచ్చి ఇంజన్ ఆపగానే పెట్రోల్ వాసన ఘాటుగా కొట్టింది. పాత కారులో పెట్రోల్ వాసన ఎప్పుడూ ఉండేదే, కానీ ఇది వేరు. బానెట్ ఎత్తి చూస్తే కార్బురేటర్ దగ్గర గొట్టం చెమర్చి, చుక్క చుక్క కిందికి జారుతోంది. ఇంజన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఆ పక్కనే, ఎర్రగా కాలి ఉంది. గొట్టాలన్నీ ఇథనాల్‌కి ఆగే రకంతో మార్పించాను. ఆ సాయంత్రం కాళ్ళు వణికిన సంగతి మాత్రం ఇంట్లో చాలా రోజులు చెప్పలేదు.

తర్వాత మా మెకానిక్ పెద్దాయన పని మానేశారు. రెండు కార్బురేటర్లనూ సమంగా ట్యూన్ చేయడానికి ఆయన దగ్గర ఉన్న పరికరం ఒక రబ్బరు ట్యూబు ముక్క. ఒక చివర చెవిలో, రెండో చివర కార్బురేటర్ మూతి దగ్గర పెట్టుకుని ఆ బుస వినేవారు. "కళ్ళు ఆనడం లేదు బాబూ, చేతులు వణుకుతున్నాయి. ఇక నీ బండి నువ్వే చూసుకో" అన్నారు. కొత్త గ్యారేజీలో కుర్రాడు బానెట్ ఎత్తి, కంప్యూటర్ తగిలించడానికి సాకెట్ ఎక్కడుందని అడిగాడు. వాడి తప్పేం లేదు, వాడు పుట్టడానికి పాతికేళ్ళ ముందు బండి అది.

ఇక మూడోది, నేను ఒప్పుకోవడానికి ఇష్టపడనిది. లెక్కేస్తే ఆ ఏడాది కారు నడిపిన గంటల కన్నా కారు కింద పడుకున్న గంటలే ఎక్కువ.

అదే కారులో ఇంజన్ తీసి మోటారు, బ్యాటరీలు పెట్టించుకోమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. పిచ్చి ఆలోచనేం కాదు. జాగ్వార్ కంపెనీయే తన పాత ఈ-టైప్ స్పోర్ట్స్ కారును అలా ఎలక్ట్రిక్‌గా మార్చి 2017లో చూపించింది. 2018 మేలో బ్రిటన్ రాజకుమారుడు హ్యారీ పెళ్ళి రోజున కొత్త దంపతులు విందుకు వెళ్ళింది ఆ కారులోనే. నేనూ వారం రోజులు కాగితాలు ముందేసుకుని బ్యాటరీ బరువు ముందు ఎంత, వెనక ఎంత అని లెక్కలు కట్టాను. చివరికి మనసొప్పలేదు. ఆ కారులో నాకు నచ్చినవన్నీ బానెట్ కిందే ఉన్నాయి. అవి తీసేశాక మిగిలేది అందమైన రేకు.

ఇంకో మిత్రుడు మరీ మొరటుగా, "ఎలక్ట్రిక్ కారు కూడా కారేనా?" అన్నాడు. అతనికి మాత్రం చరిత్రతో జవాబిచ్చాను. గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటిన మొట్టమొదటి కారు పెట్రోల్‌ది కాదు, ఎలక్ట్రిక్‌ది. 1899లో కమీల్ జెనాట్జీ అనే బెల్జియం ఆయన టార్పెడో ఆకారంలో ఉన్న ఎలక్ట్రిక్ కారులో 105 కిలోమీటర్లు దాటించాడు. మా మిత్రుడు నమ్మలేదు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఇది కారా, తూటానా అన్నాడు.

టెస్ట్ డ్రైవ్ రోజు నా పరువు పోయింది. సీట్లో కూర్చుని బటన్ నొక్కాను. ఏమీ వినపడలేదు. మళ్ళీ నొక్కాను. పక్కనున్న అమ్మాయి మర్యాదగా, "మొదటిసారికే ఆన్ అయింది సార్, ఇప్పుడు మీరు ఆఫ్ చేశారు" అంది. తర్వాత రోడ్డు మీదికి వచ్చి యాక్సిలరేటర్ కాస్త గట్టిగా నొక్కితే మెడ వెనక్కి పడింది. పెట్రోల్ ఇంజన్‌కి పూర్తి బలం రావాలంటే అది కొంత వేగంగా తిరగాలి. మోటారుకి ఆ అవసరం లేదు. నిలబడ్డ చోటు నుంచే మొత్తం టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇచ్చేస్తుంది. నా జీవితంలో అంత పికప్ ఉన్న బండి నడపలేదు. విచిత్రం ఏమిటంటే రెండు నిమిషాల్లో ఆ పికప్ సంగతి మర్చిపోయి, ఎడమ చేయి ఖాళీగా ఉండటమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. గేరు రాడ్ కోసం అది వెతుక్కుంటూనే ఉంది.

కొనడం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, కాగితాలు, సంతకాలు, ఎదురుచూపు. అమ్మడమే కష్టమైంది. నలుగురైదుగురు వచ్చి చూశారు. కొందరు ఫొటోలు తీసుకున్నారు, ఒకాయన తుప్పు ఎక్కడుందో టార్చి వేసి వెతికి బేరం మొదలుపెట్టాడు. చివరగా వచ్చిన కుర్రాడు మాత్రం స్టార్ట్ చేసి, కిందికి దిగి, బానెట్ పక్కన తల వంచి నిలబడ్డాడు. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. బేరం అక్కడే అయిపోయింది. డిక్కీ నిండా విడి భాగాలు, ఫీలర్ గేజ్, నా చేత్తో రాసిన నాలుగు పేజీల కాగితం ఇచ్చాను. ఏ రోజు ఎంత చోక్ లాగాలి, ఏ చప్పుడుకి భయపడాలి, ఏ చప్పుడుని పట్టించుకోకూడదు, అన్నీ అందులో రాశాను. కారు వీధి మలుపు తిరిగాక కూడా సైలెన్సర్ చప్పుడు కాసేపు వినిపించింది.

కొత్త కారు తెచ్చాక మొదటి పని ఛార్జింగ్ ఏర్పాటు. ఒక పొరపాటు చేయబోయి ఆగాను కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తాను. గోడకున్న మామూలు ప్లగ్గు సరిపోతుందిలే అనుకున్నాను. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు తీసుకుంటే గంటకు 2.3 యూనిట్లు ఎక్కుతాయి. నా బ్యాటరీ 60 యూనిట్లది. అంటే ఖాళీ నుంచి నిండటానికి ఒక రోజు దాటుతుంది. అంతసేపు ఆగకుండా లోడ్ లాగడానికి ఇంట్లో మామూలు వైరింగ్, ప్లగ్గులు చేసినవి కావు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాట అసలు తలపెట్టకూడదు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంటికి ఎంత లోడ్ ఉందో చూసి, ఎర్తింగ్ పరీక్షించి, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగి, లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకర్ పెట్టి, గోడకి 32 ఆంపియర్ల ఛార్జర్ బిగించాడు. గంటకు 7 యూనిట్లకు పైగా ఇస్తుంది. రాత్రి తగిలిస్తే పొద్దున్నకి తయారు. అయినా రోజూ పూర్తిగా నింపను. నా కారులో ఉన్నది నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం బ్యాటరీ, రోజువారీ వాడకానికి 80 శాతం దగ్గర ఆపితే ఎక్కువ కాలం మన్నుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ ఉన్నవాళ్ళకి తరచుగా వందకి నింపమని చెప్తారు. వాటిలో వోల్టేజీ పెద్దగా మారదు కాబట్టి ఎంత ఛార్జ్ మిగిలిందో కంప్యూటర్‌కి సరిగ్గా అంచనా దొరకదు. మీ కారులో ఏ రకం ఉందో తెలియకుండా పక్కింటివాళ్ళ సలహా పాటించకండి.

మొదటి దూర ప్రయాణంలో నేను చేసిన పని తలుచుకుంటే నవ్వొస్తుంది. టెన్షన్‌తో ముందు రాత్రి వంద శాతం నింపాను. బయల్దేరగానే పెద్ద దిగుడు. అప్పటికి పెడల్ వదిలితే కారు దానంతట అదే నెమ్మదించడం, ఆ శక్తి తిరిగి బ్యాటరీలోకి వెళ్ళడం బాగా అలవాటైంది. ఆ రోజు పెడల్ వదిలినా కారు ఆగదే! నిండిన బ్యాటరీలో ఇంకా పోయడానికి చోటు లేదు, అందుకని ఆ బ్రేకింగ్ బాగా తగ్గిపోయింది. కొన్ని కార్లు తేడా తెలియకుండా మామూలు బ్రేకులతో సర్దేస్తాయి, నాది సర్దదు. గుండె ఒక్కసారి గొంతులోకి వచ్చింది, తర్వాత బ్రేక్ పెడల్ గుర్తొచ్చింది.

మధ్యలో ఎంచుకున్న ఛార్జింగ్ చోట రెండు యంత్రాల్లో ఒకటి పని చేయడం లేదు, రెండోదాని ముందు మరో కారు. నా వంతు వచ్చాక 80 శాతం దాకా అరగంటలో ఎక్కింది. వంద చేసుకుని వెళ్దామని కూర్చుంటే మిగతా ఇరవైకి అంతకంటే ఎక్కువసేపు పట్టేలా ఉంది. నిండేకొద్దీ బ్యాటరీ కరెంటుని నెమ్మదిగానే తీసుకుంటుంది. సీసాలో నీళ్ళు పోస్తూ మూతి దగ్గరికి వచ్చాక ధార తగ్గించడం లాంటిదే. పెట్రోల్ బంకు అలవాటుతో నింపేద్దామనుకోవడం ఇక్కడ తెలివితక్కువ. 10 శాతం దగ్గర ఆగి, 60, 70 దాకా ఎక్కించుకుని కదిలిపోవడమే లాభం. ఇంకోటి కూడా ఆ రోజే తెలిసింది. 120 వేగాన్ని 100కి తగ్గిస్తే గాలి అడ్డు దాదాపు 30 శాతం తగ్గుతుంది, రేంజి, అంటే ఒక ఛార్జికి వెళ్ళగల దూరం, కళ్ళ ముందే పెరుగుతుంది. తిరుగు ప్రయాణమంతా లారీలతో పాటు వచ్చాను. స్పోర్ట్స్ కారు నడిపిన మనిషిని!

ఇంటికొచ్చాక కాగితం తీసుకుని ఒక లెక్క వేశాను. ఆ లెక్క నా మనసులో ఇంకా తిరుగుతూనే ఉంది. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. పాత కారు ట్యాంకు 45 లీటర్లు, అంటే 400 యూనిట్లు. కొత్త కారు బ్యాటరీలో 60. పాత కారు వంద కిలోమీటర్లకి పది లీటర్లు తాగేది, అంటే 90 యూనిట్ల దాకా. కొత్తది అదే దూరానికి 17 యూనిట్లు ఖర్చు చేస్తోంది. మరి ఆ 90లో మిగతాదంతా ఏమైపోయింది? చక్రాల దాకా వచ్చింది ఐదో వంతు ఉంటే ఎక్కువ. మిగిలిందంతా రేడియేటర్ వేడిగా, సైలెన్సర్ పొగగా, చప్పుడుగా పోయింది. కాళ్ళకి తగిలే ఆ వెచ్చదనం, బానెట్ కింది ఆ చిటపటలు, వీధి చివర దాకా వినిపించే ఆ గొంతు, నేను మనసు పారేసుకున్నదంతా వృథా పద్దులోదే. చలికాలంలో ఇంకో సంగతి తెలిసొచ్చింది. పాత కారులో హీటర్ ఉచితం, ఇంజన్ పారేసే వేడినే లోపలికి వదిలేది. కొత్తదాంట్లో పారేయడానికి అంత వేడి లేదు కాబట్టి ఆ వెచ్చదనాన్నీ బ్యాటరీ నుంచే తీసుకోవాలి.

బరువు గురించి కూడా చెప్పాలి. కొత్త కారు 1,850 కిలోలు, పాతది రెండు కలిపితే దాదాపు ఇదొకటి. బ్యాటరీ నేల కింద పరుచుకుని ఉండటం వల్ల మలుపుల్లో ఒరగదు, అది నిజమే. కానీ బరువు దాక్కోదు. పాత కారు మలుపులోకి తిరగాలని నేను అనుకునేలోపే తిరిగేది. ఇది నా మాట విని, ఆలోచించి తిరుగుతుంది. స్టీరింగ్‌లో రోడ్డు తెలియదు. అమ్మేవాళ్ళు స్పోర్ట్ మోడ్ అంటూ స్పీకర్లలోంచి ఒక ఉరుము వినిపిస్తారు. ఒక్కసారి విని ఆఫ్ చేశాను.

ఏడో నెలలో రెండు వారాలు ఊళ్ళో లేము. తిరిగొచ్చి చూస్తే కారు తలుపు తెరుచుకోలేదు, దీపం వెలగలేదు. లోపల 40 యూనిట్లకు పైగా కరెంటు ఉంది, అయినా కట్టెలా పడి ఉంది. ఎలక్ట్రిక్ కార్లలోనూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుందని, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు అది ఉంటేనే పడతాయని అప్పటిదాకా పట్టించుకోలేదు. ఆ చిన్నది చచ్చిపోయింది. మా ఆవిడ హెల్ప్‌లైన్ నంబరు వెతుకుతోంది. నేను తాళంలో దాచిన మెటల్ కీ తీసి తలుపు తెరిచి, మాన్యువల్ చదివి, అటక మీద నుంచి నా పాత జంపర్ వైర్లు దించాను. పక్కింటి కారు బ్యాటరీకి తగిలించాను. పది సెకన్లలో స్క్రీన్ వెలిగింది. ఆ ఏడాది మొత్తంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజు లేదని మా ఆవిడ అంటుంది. చేతులకి నల్లగా మసి కూడా అంటింది.

అప్పుడు అనుమానం వచ్చింది, నాకు ఇష్టమైంది డ్రైవింగేనా అని. నడపడం కొత్త కారులోనే హాయిగా ఉంది, నడుము నొప్పి లేదు, వాన పడితే తడవను, బయల్దేరితే చేరతానన్న నమ్మకం ఉంది. పాత కారులో నాకు నచ్చింది అది మొరాయించడం, నేను దాన్ని బతిమాలి ఒప్పించడం. అది సాయంత్రం పూట వ్యాపకం, ప్రయాణం కాదు. రెంటినీ ఒకే బండి దగ్గర ఆశించి పద్దెనిమిదేళ్ళు గడిపాను.

కిందటి నెల ఒక ఛార్జింగ్ చోట ఆగి ఉన్నాను. 34 శాతం దగ్గర ఉండగా ఫోన్ మోగింది. పాత కారు కొన్న కుర్రాడు.

"అంకుల్, పెట్రోల్ పోయించి బయల్దేరదామంటే స్టార్ట్ కావడం లేదు. వచ్చేటప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది."

"చోక్ లాగావా?"

"లాగానండీ."

"కాగితంలో మూడో పేజీ చదవలేదన్నమాట. వేడి ఇంజన్‌కి చోక్ పెట్టకూడదు. చోక్ మొత్తం లోపలికి నెట్టు. బానెట్ ఎత్తి పది నిమిషాలు ఆగు, కార్బురేటర్‌లో పెట్రోల్ మరిగిపోతూ ఉంటుంది. తర్వాత యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టు, పదే పదే తొక్కకు, అలాగే ఉంచి స్టార్టర్ తిప్పు."

ఫోన్ పెట్టేయలేదు ఇద్దరం. అతను రోడ్డు పక్కన, నేను ఇక్కడ. అతనికి కారు చల్లబడాలి, నాకు కారు నిండాలి. కొత్త గుడ్డ టాపు వేయించానని, సీటు పట్టాలకి తుప్పు గీకించానని చెప్పాడు. పది నిమిషాలయ్యాక స్టార్టర్ గుర్రుమంది. ఒకసారి, రెండోసారి, తర్వాత ఒక్కసారిగా అందుకుంది. ఫోన్‌ని బానెట్ దగ్గర పెట్టినట్టున్నాడు. విన్నాను. ఒక సిలిండర్ మిగతావాటి కన్నా కాస్త వెనకబడుతోంది, దాని స్పార్క్ ప్లగ్గు గ్యాప్ పెరిగి ఉంటుంది.

ఆ మాట చెప్పేలోపే "థాంక్యూ అంకుల్" అని కట్ చేసి వెళ్ళిపోయాడు. స్క్రీన్ మీద చూస్తే 61 శాతం.